సైక్లిన్ సంగతి మనకెందుకు అనకండి

ఈసారి మేము వ్రాస్తున్నది బి.పి. గురించీ కాదు, షుగరు గురించీ కాదు. సైక్లిన్ అనే ఒక ప్రోటీను గురించి. "ఇది కాలేజీ పిల్లల పాఠం గదా, మనకెందుకు" అని పేజీ తిప్పేవారు ఉంటారని మాకు తెలుసు. దయచేసి తిప్పవద్దని మనవి. తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతాల నుండి రొమ్ము క్యాన్సర్‌తో మా ఓ.పి.కి వచ్చే తల్లుల చేతిసంచుల్లో ఇప్పుడు పాల్బోసిక్లిబ్ అనే మందు కనబడుతున్నది. ఆ పేరు చివరనున్న "సిక్లిబ్" అనే తోక సైక్లిన్ అనే మాట నుండి వచ్చినదే. అదే తోక ఉన్న మందులు ఇంకా ఉన్నాయి: రైబోసిక్లిబ్, అబెమాసిక్లిబ్. తోక ఏమిటో తెలియకుండా మందు మింగవచ్చు, అది పనిచేయకుండా పోదు. అయితే ఎవరు మింగాలి, ఎవరు మింగకూడదు, మింగేటప్పుడు ఏమి గమనించుకోవాలి అనేవి అర్థం కావాలంటే ఆ తోక కథ కొంచెం తెలియాలి.

మా అభిప్రాయం కూడా మొదటనే చెబుతాము. మందు మన ఊళ్ళకు వచ్చింది. ఆ మందు ఎవరికి పనికివస్తుందో చెప్పే పరీక్ష మాత్రం అంత తేలికగా రాలేదు. ఇది తారుమారైన వ్యవహారమని మేము అనుకుంటున్నాము.

ఇక కథలోకి వద్దాము. పెద్దవారి శరీరంలో సుమారు 30 లక్షల కోట్ల కణాలుంటాయని శాస్త్రజ్ఞుల లెక్క. ఇవన్నీ ఒకే ఒక్క కణం నుండి, ఒకటి రెండుగా, రెండు నాలుగుగా విడిపోతూ వచ్చినవే. పెద్దయిన తరువాత కూడా ఈ పని ఆగదు. ఎముకల మూలుగలో సెకనుకు 20 లక్షలకు పైగా ఎర్ర రక్తకణాలు తయారవుతుంటాయి. పేగుల లోపలి పొర కొద్ది రోజులకొకసారి కొత్తదవుతుంది. చర్మం, వెంట్రుకల కుదుళ్ళు కూడా అంతే. అలాగని అన్ని కణాలూ ఎప్పుడంటే అప్పుడు విడిపోతే మనిషి మిగలడు. విడిపోయే ముందు కణం తనలోని డి.ఎన్.ఏ.ను పూర్తిగా, ఒక్కసారి మాత్రమే నకలు తీయాలి. నకలు సరిగా వచ్చిందో లేదో చూసుకోవాలి. ఆ తరువాత రెండు నకళ్ళనూ చెరొక పక్కకు లాగి, మధ్యలో గోడ కట్టాలి. ఈ వరుస తప్పితే ప్రమాదం.

ఈ వరుసను నడిపించేది ఎవరు? మన ప్రాంతం వారికి రైలు ఉదాహరణ తేలికగా బోధపడుతుంది. సింగిల్ లైను మీద టోకెన్ పద్ధతి ఉన్న రోజులు పెద్దవారికి గుర్తుండే ఉంటాయి. ఇంజను సిద్ధంగా ఉంటుంది, డ్రైవరూ ఉంటాడు, పట్టాలూ ఖాళీగానే ఉంటాయి. అయినా స్టేషను మాస్టరు ఇచ్చే టోకెన్ చేతికి అందనిదే బండి కదలదు. ముందు స్టేషనులో ఆ టోకెన్ అప్పగించాలి, అక్కడి నుండి తరువాతి సెక్షనుకు వేరే టోకెన్ పుచ్చుకోవాలి. కణంలో ఇంజనులాంటివి సి.డి.కె. అనే ఎంజైములు. అవి ఎప్పుడూ కణంలో ఉంటాయి, కానీ వాటంతట అవి పనిచేయవు. టోకెన్ లాంటిది సైక్లిన్. సైక్లిన్ వచ్చి అతుక్కుంటేనే ఎంజైము పని మొదలుపెడుతుంది. సెక్షను దాటగానే కణం ఆ సైక్లిన్‌ను ముక్కలు చేసి పారవేస్తుంది. రైల్వేవారు టోకెన్‌ను దాచుకుని మళ్ళీ వాడుకుంటారు, కణం మాత్రం ప్రతిసారీ కొత్తది తయారుచేసుకుంటుంది. పోలికలో అంత తేడా ఉన్నది.

టోకెన్లు చాలా రకాలు. ముఖ్యమైనవి నాలుగు. విభజన వైపు బయలుదేరడానికి సైక్లిన్ డి, నకలు తీయడం మొదలుపెట్టే గడప దాటడానికి సైక్లిన్ ఇ, నకలు పని సాగడానికి సైక్లిన్ ఏ, చివరకు రెండుగా విడిపోవడానికి సైక్లిన్ బి. రొమ్ము క్యాన్సర్ మందుల కథంతా మొదటిదైన డి దగ్గరే ఉంది.

ఈ సైక్లిన్‌ను కనుగొన్నది 1982 వేసవిలో, అమెరికాలోని వుడ్స్ హోల్ అనే సముద్రతీర ప్రయోగశాలలో. ఇంగ్లండు నుండి వచ్చిన టిమ్ హంట్ అనే శాస్త్రజ్ఞుడు, ఒళ్ళంతా ముళ్ళున్న బంతిలాంటి ఒక సముద్రజీవి గుడ్లను పరిశీలిస్తున్నాడు. ఫలదీకరణ జరిగిన గుడ్లలో కొత్తగా తయారయ్యే ప్రోటీన్లు సమయం గడిచేకొద్దీ పెరుగుతూ పోవాలి. ఒక్కటి మాత్రం పెరిగింది, గుడ్డు రెండుగా విడిపోబోయే ముందు ఉన్నట్టుండి మాయమైంది, మళ్ళీ పెరిగింది, మళ్ళీ మాయమైంది. చక్రంలా తిరిగి తిరిగి వస్తున్నది గనుక దానికి సైక్లిన్ అని పేరు పెట్టారు. ఈస్ట్ మీద పనిచేసిన లేలాండ్ హార్ట్‌వెల్, పాల్ నర్స్‌లతో పాటు హంట్‌కు 2001లో వైద్యశాస్త్ర నోబెల్ బహుమతి వచ్చింది. ఈస్ట్ అంటే రొట్టెల పిండిని పొంగించేది. రొట్టె పిండిలోనూ, ముళ్ళబంతి గుడ్డులోనూ, కప్ప గుడ్డులోనూ, మనిషిలోనూ ఈ యంత్రం దాదాపు ఒక్కటే. ఈస్ట్‌లో ఈ పనిచేసే జన్యువు పాడైతే, దాని స్థానంలో మనిషి జన్యువును పెట్టినా ఈస్ట్ మామూలుగా విడిపోయిందని 1987లో నర్స్ బృందం చూపించింది.

నోబెల్ సంగతి చాలా పుస్తకాల్లో ఉంది. సైక్లిన్‌ను కనుగొనడానికి పన్నెండేళ్ళ ముందు జరిగిన ఒక పని గురించి మన పత్రికల్లో పెద్దగా వ్రాయలేదు. అందుకే కొంచెం ఆగి చెబుతాము. 1970 జనవరిలో నేచర్ పత్రికలో ఒక వ్యాసం వచ్చింది. వ్రాసినవారు పోతు ఎన్. రావు, రాబర్ట్ జాన్సన్. ఆ మొదటి పేరు చూడగానే మనవారని మన ప్రాంతంలో ఎవరైనా పోల్చుకుంటారు. వారు చేసినది చెప్పడానికి సులువు, చేయడానికి కష్టం. విభజనలో వేర్వేరు దశల్లో ఉన్న కణాలను తీసుకుని, శక్తి తీసివేసిన ఒక వైరస్ సహాయంతో రెండేసి కణాలను ఒకటిగా కలిపారు. ఒకే గదిలో రెండు కేంద్రకాలను ఉంచారన్నమాట. నకలు తీస్తున్న కణాన్ని, ఇంకా మొదలుపెట్టని కణంతో కలిపితే, మొదలుపెట్టనిది కూడా త్వరగా నకలు తీయడం మొదలుపెట్టింది. నకలు పూర్తిచేసిన కణంతో కలిపితే, అది మాత్రం రెండోసారి నకలు తీయలేదు. ఇక, విడిపోతున్న కణాన్ని ఏ దశలో ఉన్న కణంతో కలిపినా, ఆ రెండోదానిలోని క్రోమోజోములు సిద్ధంగా ఉన్నా లేకున్నా ముద్దలు కట్టి విభజనకు దిగాయి.

దీని అర్థమేమిటి? కణంలోని ద్రవంలో ఏదో ఒక పదార్థం ఉంది, అది "ఇక కదులు" అని ఆజ్ఞ ఇస్తున్నది, ఆ ఆజ్ఞను పక్క కేంద్రకం కూడా వింటున్నది. ఆ పదార్థం పేరు అప్పటికి ఎవరికీ తెలియదు. తరువాత అమెరికాలోని హ్యూస్టన్ నగరంలో ఎం.డి. ఆండర్సన్ క్యాన్సర్ ఆసుపత్రిలో పోతు రావుగారు ఈ పనినే కొనసాగించారు. 1979లో సుంకర, రైట్, రావు అనే ముగ్గురి పేర్లతో వచ్చిన వ్యాసంలో, విడిపోతున్న మనిషి కణాల నుండి తీసిన రసాన్ని కప్ప గుడ్డులో ఎక్కిస్తే ఆ గుడ్డు కూడా విభజన దశకు వెళ్ళిందని చూపించారు. సుంకర అన్నది కూడా మనకు తెలిసిన ఇంటిపేరే. ఆ రసంలో ఉన్నది సైక్లిన్ బి, దాని ఎంజైము కలిసిన జంట అని తరువాత పదేళ్ళలో తేలింది. టోకెన్‌ను హంట్ చూశాడు, టోకెన్ అనేది ఒకటి ఉండి తీరాలని అంతకు ముందే నిరూపించిన వారిలో మన తెలుగువారు ముందున్నారు. మన జూనియర్ కాలేజీల్లో ఉల్లి వేరు కొన నలిపి స్లయిడు చూపించేటప్పుడు అధ్యాపకులు ఈ రెండు ముక్కలు కూడా పిల్లలకు చెబితే బాగుంటుందని మా కోరిక. ఎల్లాప్రగడ సుబ్బారావుగారి గురించి చెబుతున్నారు, సంతోషం. 1895లో భీమవరంలో పుట్టిన ఆయన బృందం తయారుచేసిన మందులతోనే 1948లో పిల్లల రక్త క్యాన్సర్‌కు మొదటిసారి తాత్కాలికంగానైనా ఉపశమనం కనిపించింది. ఆ మందులు పనిచేసేది కూడా ఈ చక్రం మీదనే, డి.ఎన్.ఏ. నకలుకు కావలసిన ముడిసరుకు అందకుండా చేస్తాయి.

ఇంకొక సంగతి. రావు, జాన్సన్ వాడినవి హీలా కణాలు. 1951లో బాల్టిమోర్ నగరంలో హెన్రియెట్టా లాక్స్ అనే నల్లజాతి పేద తల్లి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌తో ఆసుపత్రికి వస్తే, ఆమెకు చెప్పకుండా, అడగకుండా తీసిన ముక్క నుండి పెంచినవి. ఆమె అదే సంవత్సరం చనిపోయింది, ఆ కణాలు ఈనాటికీ విడిపోతూనే ఉన్నాయి. ఆపరేషన్ థియేటరులో మన తల్లుల నుండి తీసే ముక్క కూడా వారి సొంతమేనని, దాని గురించి వారికి చెప్పాలని మేము పదే పదే అనడానికి ఇది ఒక కారణం. దీని గురించి ముందు ముందు చెబుతాము.

ఇప్పుడు సైక్లిన్ డి దగ్గరకు. కణం విభజనకు బయలుదేరే చోట ఆర్.బి. అనే ఒక కాపలా ప్రోటీను తలుపు మూసి ఉంచుతుంది. దుగ్గిరాల లాకులు చూసినవారికి వేరే చెప్పనవసరం లేదు, తలుపు దించి ఉన్నంతసేపు కాలువలో నీరు అవతలకు పోదు. సైక్లిన్ డి వచ్చి సి.డి.కె. 4, సి.డి.కె. 6 అనే ఎంజైములతో జత కలిసి ఈ తలుపును ఎత్తడం మొదలుపెడుతుంది. ఆర్.బి. లేకుండా పోతే ఏమవుతుందో చిన్నపిల్లల కంటి క్యాన్సర్‌లో చూస్తాము, ఆ ప్రోటీనుకు పేరు వచ్చింది కూడా ఆ జబ్బు నుండే. పసిబిడ్డ ఫోటోలో కంటిపాప ఎర్రగానో నల్లగానో కాక తెల్లగా మెరిస్తే, పిల్లి కన్ను అని మురిసిపోకుండా వెంటనే కంటి డాక్టరుకు చూపించండి. హైదరాబాదులోని ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థలో దీనికి మంచి వైద్యం ఉంది, తొందరగా వెళితే ప్రాణంతో పాటు చూపు కూడా దక్కే అవకాశం ఎక్కువ. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు కారణమైన హెచ్.పి.వి. అనే వైరస్ కూడా ఈ ఆర్.బి. తలుపునే పగలగొడుతుంది. ఆ వైరస్‌కు టీకా ఉంది. ఆడపిల్లలున్న ఇళ్ళవారు దీని గురించి తప్పక అడిగి తెలుసుకోవాలి.

రొమ్ము క్యాన్సర్‌లో ఎక్కువ భాగం ఈస్ట్రోజన్ అనే ఆడ హార్మోను మీద ఆధారపడి పెరుగుతుంది. ఈస్ట్రోజన్ కణానికి అందగానే ఆ కణం సైక్లిన్ డి ని ఎక్కువగా తయారుచేస్తుంది. తలుపు లేస్తుంది. కణం విడిపోతుంది. అందువలన రెండు చోట్ల అడ్డు వేయవచ్చు. ఈస్ట్రోజన్ అందకుండా చేసేవి టమాక్సిఫెన్, లెట్రోజోల్ వంటి పాత మందులు. తలుపు ఎత్తే సి.డి.కె. 4, 6 చేతులు కట్టివేసేవి సిక్లిబ్‌లు. రెండూ కలిపి వాడితే ఒకటి వాడినదానికన్నా మేలు. అమెరికాలో పాల్బోసిక్లిబ్‌కు 2015 ఫిబ్రవరిలో అనుమతి వచ్చింది, రైబోసిక్లిబ్, అబెమాసిక్లిబ్‌లకు 2017లో వచ్చింది.

ఎంత మేలు? ఇక్కడ మేము అంకెలు ఉన్నవి ఉన్నట్టు చెబుతాము, ఎక్కువ చేసి చెబితే ఆశపెట్టి మోసం చేసినట్టవుతుంది. శరీరంలో ఇతర భాగాలకు పాకిన రొమ్ము క్యాన్సర్‌లో, లెట్రోజోల్ ఒక్కటే వాడినవారిలో జబ్బు మళ్ళీ పెరగడానికి పట్టిన సమయం సగటున 14.5 నెలలు, పాల్బోసిక్లిబ్ కలిపి వాడినవారిలో 24.8 నెలలు. రైబోసిక్లిబ్ పరీక్షలో బ్రతికిన కాలం సగటున 51.4 నెలల నుండి 63.9 నెలలకు పెరిగింది. పాల్బోసిక్లిబ్ విషయంలో జబ్బు పెరగడం ఆలస్యమైంది గాని, మొత్తం బ్రతికిన కాలంలో అంత స్పష్టమైన తేడా తేలలేదు. పూర్తిగా నయం చేసే మందు కాదిది. కానీ పది నెలలు అంటే ఆ ఇంట్లో ఏమిటో మాకు తెలుసు. కూతురి పెళ్ళి, కొడుకు చదువు, రెండు పంటలు. పాకని జబ్బులో కూడా, తిరగబెట్టే ప్రమాదం ఎక్కువగా ఉన్నవారికి ఆపరేషన్ తరువాత అబెమాసిక్లిబ్‌కు 2021లో, రైబోసిక్లిబ్‌కు 2024లో అమెరికాలో అనుమతి వచ్చింది.

ధర సంగతి. పాల్బోసిక్లిబ్ మన దేశంలోకి వచ్చిన కొత్తలో నెల మందు ఖరీదు పదుల వేలలో ఉండేది. ఎకరం చేను అమ్మి రెండేళ్ళు వాడిన కుటుంబాలు ఉన్నాయి. 2023 జనవరిలో దాని పేటెంటు గడువు తీరింది. మన దేశపు కంపెనీలు, అందులో హైదరాబాదు కంపెనీలు కూడా, అదే మందును తయారుచేసి అమ్మడం మొదలుపెట్టాయి. ఇప్పుడు నెలకు కొన్ని వేలతో దొరుకుతున్నది. ఇది చాలా సంతోషకరమైన విషయం. అయితే ధర తగ్గగానే ఒక కొత్త చిక్కు వచ్చింది. ఎవరికో పనిచేసిందని విని, చీటీ చూపించకుండా, పరీక్ష లేకుండా కొనేవారు తయారయ్యారు.

రేపల్లె వైపు నుండి వచ్చిన ఒక పెద్దావిడ సంగతి పేరు, ఊరు లేకుండా చెబుతాము. రొమ్ములో గడ్డ ఉంటే ఒకచోట తీసివేశారు. తీసిన ముక్క ఏమైందని అడిగితే, "గడ్డ తీసేశారు గదయ్యా, ఇంకేముంటుంది" అన్నారు ఆమె. బయాప్సీ కాగితం లేదు, ముక్క లేదు. ఏడాది తిరిగేసరికి ఎముకలకు పాకింది. కొడుకు ఎక్కడో విని పాల్బోసిక్లిబ్ కొనుక్కుని వచ్చాడు, "అమ్మకు ఇది వేయమంటారా అండీ" అని. వేయవచ్చో లేదో చెప్పగల ముక్క చెత్తబుట్టలో పోయింది. మళ్ళీ సూదితో ముక్క తీయించి, గుంటూరుకు పంపించి, రిపోర్టు వచ్చేసరికి చాలా రోజులు గడిచాయి. ఆమెకు హార్మోను గ్రాహకాలు లేవని వచ్చింది. అంటే కొడుకు కొన్న మందు ఆమెకు పనికిరాదు.

అందుకే మా మొదటి మాట ముక్క గురించి. రొమ్ములో తీసిన ఏ గడ్డనైనా పరీక్షకు పంపించాలి. పంపించిన ముక్కకు క్యాన్సర్ ఉందా లేదా అని చూడడంతో సరిపెట్టకూడదు. ఈ.ఆర్., పి.ఆర్., హెర్-2 అనే మూడూ చూడాలి. మన దేశంలో సగానికి పైగా రొమ్ము క్యాన్సర్లు హార్మోను గ్రాహకాలు ఉన్నవే. సిక్లిబ్‌లు ముఖ్యంగా హార్మోను గ్రాహకాలు ఉండి, హెర్-2 లేనివారికి. హెర్-2 ఉన్నవారికి వేరే మందులున్నాయి, మూడూ లేనివారికి వైద్యం వేరు. రిపోర్టులో కె.ఐ.-67 అనే అంకె ఉంటే, గడ్డలో నూటికి ఎన్ని కణాలు విభజన చక్రంలో ఉన్నాయో చెప్పే అంకె అది.

ముక్కను దేనిలో వేస్తారనేది ఇంకా ముఖ్యం, ఇది మేము తోటి డాక్టర్లకు, థియేటరు సిస్టర్లకు వ్రాస్తున్నాము. ముక్కను సెలైన్‌లో వేసి పంపితే, ఎండలో బస్సులో గుంటూరు చేరేసరికి అది కుళ్ళడం మొదలవుతుంది. క్యాన్సర్ ఉందని చెప్పడానికి పనికివచ్చినా, గ్రాహకాల పరీక్షకు పనికిరాకపోవచ్చు. ఉన్న గ్రాహకాలు లేవని తప్పుగా వస్తే, ఆ తల్లికి జీవితాంతం టమాక్సిఫెన్ కూడా అందదు. పది శాతం బఫర్ చేసిన ఫార్మలిన్‌లో, ముక్కకు పదింతలు ద్రవం ఉండేలా, తీసిన గంటలోపే వేయాలి. పెద్ద గడ్డయితే కోసి వేయాలి, లేకపోతే ఫార్మలిన్ లోపలి వరకు దిగదు. 6 గంటలకు తక్కువ, 72 గంటలకు ఎక్కువ కాకూడదు. శనివారం తీసిన ముక్కను బుధవారం పంపించడం వలన చాలా నష్టం జరుగుతున్నది. మూత బిగుతుగా ఉన్న వెడల్పు మూతి డబ్బా, సరైన ఫార్మలిన్, దానిమీద పేరు, తీసిన తేదీ, తీసిన టైము. ఇవి కోట్లు ఖర్చయ్యేవి కావు. తెనాలి, బాపట్ల, రేపల్లెల్లో గడ్డలు తీసే ప్రతి చోటా ఇవి ఉండాలని, వీటిని గుంటూరు చేర్చే ఏర్పాటు వారంలో అన్ని రోజులూ ఉండాలని మేము కోరుతున్నాము. 2022లో బాపట్ల జిల్లా ఏర్పడి రేపల్లె అందులోకి వెళ్ళింది, తెనాలి గుంటూరు జిల్లాలోనే ఉంది. జిల్లా సరిహద్దు మారినా ముక్క వెళ్ళవలసిన దారి మారలేదు. గుంటూరు ప్రభుత్వ ఆసుపత్రిలో 2020లో నాట్కో వారు కట్టించిన క్యాన్సర్ విభాగం మొదలైన తరువాత చాలామంది హైదరాబాదు వెళ్ళనవసరం లేకుండా పోయింది. అక్కడి డాక్టరు చేతికి మంచి ముక్క అందించే బాధ్యత మాత్రం మన ఊళ్ళదే.

రెండవ మాట, మందు మొదలుపెట్టిన తరువాత జరిగే రక్తపరీక్ష గురించి. పాల్బోసిక్లిబ్ 21 రోజులు వేసుకుని 7 రోజులు ఆపుతారు. ఎముకల మూలుగలో తెల్లకణాల తయారీకి కూడా సి.డి.కె. 6 కావాలి గనుక, తెల్లకణాలు తగ్గుతాయి. ఆపిన వారంలో చాలామందికి తిరిగి పెరుగుతాయి. కీమోథెరపీలో వలె అక్కడి కణాలు చనిపోవు, చాలావరకు ఆగి ఉంటాయంతే. అయినా మొదటి రెండు నెలలు రెండు వారాలకొకసారి రక్తం చూడాలి. ఈ పరీక్ష తెనాలిలో చేయవచ్చు, రేపల్లెలో చేయవచ్చు, ఏ చిన్న లేబులోనైనా చేయవచ్చు. అయినా ఈ ఒక్క పరీక్ష కోసం మనిషిని తోడు తీసుకుని, ఆ రోజు కూలి వదులుకుని, పెద్ద ఊరు వెళ్ళివస్తున్నారు. కొందరు విసిగిపోయి పరీక్ష మానేస్తున్నారు, ఇంకొందరు మందే మానేస్తున్నారు. క్యాన్సర్ డాక్టరుగారు చీటీ మీద "న్యూట్రోఫిల్స్ ఇంత ఉంటే కొనసాగించండి, ఇంతకు తగ్గితే ఆపి ఫోను చేయండి" అని వ్రాసి ఇస్తే, మిగిలినది ఊరి డాక్టరు చూసుకోగలడు. ఇందుకు పెద్ద చదువు అక్కరలేదు, ఒకరినొకరు నమ్మాలి. పెద్ద ఆసుపత్రుల వారు మన చిన్న ఊళ్ళ డాక్టర్లను, లేబులను ఇంతకన్నా నమ్మవచ్చని మా గట్టి అభిప్రాయం.

మందు వాడుతుండగా జ్వరం వస్తే, పారాసెటమాల్ వేసుకుని పడుకోకూడదు. అదే రోజు రక్తం చూపించుకోవాలి. రైబోసిక్లిబ్ వాడేవారికి ఇ.సి.జి. తీయాలి, అబెమాసిక్లిబ్ వాడేవారికి విరేచనాలు ఎక్కువ. పడని మందులు కూడా ఉన్నాయి. టి.బి.కి ఇచ్చే రిఫాంపిసిన్, మూర్ఛకు ఇచ్చే ఫెనిటాయిన్ ఈ మందుల బలాన్ని తగ్గిస్తాయి. గ్రేప్‌ఫ్రూట్ తినవద్దని అట్టపెట్టెలోని కాగితం మీద ఉంటుంది. అది మన దగ్గర అరుదు, కానీ దాని దగ్గరి చుట్టం పంపరపనస మన దొడ్లలోనే కాస్తుంది. దానికి కూడా దూరంగా ఉండమని చెబుతున్నాము. నెలసరి ఇంకా ఆగని తల్లులకు అండాశయాలను నిద్రపుచ్చే ఇంజక్షను కూడా అవసరమవుతుంది, అది మానేసి మాత్రలు మాత్రమే మింగితే సగం వైద్యమే అవుతుంది.

పసుపు గురించి అడగనివారు లేరు. దుగ్గిరాల పసుపు యార్డు పక్కనే పెట్టుకుని అడగకుండా ఎలా ఉంటారు. గాజు పాత్రలో పెంచిన క్యాన్సర్ కణాల మీద పసుపులోని కర్క్యుమిన్ పోస్తే సైక్లిన్ డి తగ్గిందని ప్రయోగాలున్న మాట నిజమే. కానీ నోటితో తిన్న పసుపులో నుండి రక్తంలోకి చేరే కర్క్యుమిన్ బహు కొద్ది. గాజు పాత్రలో జరిగినది గడ్డలో జరగదు. పైగా 2019లో నెదర్లాండ్స్ పరిశోధకులు, టమాక్సిఫెన్ వాడే స్త్రీలకు కర్క్యుమిన్ మాత్రలు, మిరియాల సారం కలిపి ఇచ్చి చూస్తే, రక్తంలో టమాక్సిఫెన్ పని చేసే పాళ్ళు తగ్గాయి. కూరలో వేసే పసుపుతో భయం లేదు, హాయిగా తినండి. క్యాన్సర్ తగ్గిస్తుందని డబ్బాల్లో అమ్మే పొడులు, మాత్రల సంగతే మేము చెబుతున్నది. వేసుకుంటున్నట్లయితే డాక్టరుకు చెప్పండి, కోప్పడతారని దాచవద్దు.

టమాక్సిఫెన్ మాట వచ్చింది గనుక ఇదీ చెప్పాలి. చౌకైన మందు గదా అని దానిని చిన్నచూపు చూస్తున్నారు. ఐదేళ్ళు, కొందరికి పదేళ్ళు వాడవలసిన ఆ మాత్రను రెండేళ్ళకే మానేసినవారిని మేము చాలామందిని చూస్తున్నాము. "బాగానే ఉన్నాను గదండీ" అంటారు. బాగా ఉన్నది ఆ మాత్ర వలననే కావచ్చునమ్మా. గ్లోబోకాన్ లెక్కల ప్రకారం 2022లో మన దేశంలో కొత్తగా రొమ్ము క్యాన్సర్ వచ్చినవారు సుమారు 1,92,000 మంది. వీరిలో సిక్లిబ్ అవసరమయ్యేవారు కొందరే. టమాక్సిఫెన్ గాని, దాని చెల్లెలులాంటి మందులు గాని అవసరమయ్యేవారు అంతకన్నా ఎన్నో రెట్లు ఎక్కువ. మా చేతిలో ఒక్క రూపాయి ఉండి దేనికి ఖర్చు పెట్టాలని అడిగితే, ముందు ఫార్మలిన్ డబ్బాకు, తరువాత గ్రాహకాల పరీక్షకు, ఆ తరువాత టమాక్సిఫెన్ మానకుండా ఇంటికి వెళ్ళి గుర్తుచేసే ఆరోగ్య కార్యకర్తకు, చివరగా సిక్లిబ్‌కు అంటాము. కొత్త మందు మీద మాకు కోపం లేదు. ఆ వరుసలో మొదటి మూడూ లేనిచోట నాలుగవది చాలాసార్లు వృథా అవుతున్నదని మా బాధ.

చివరగా, పరీక్ష చేసిన లేబులో మీ ముక్కను మైనంలో పోసి ఒక చిన్న దిమ్మె చేస్తారు. దానిని బ్లాకు అంటారు. అగ్గిపెట్టెకన్నా చిన్నదిగా ఉంటుంది. రిపోర్టు కాగితం ఇచ్చేటప్పుడు బ్లాకు ఎక్కడ ఉంచారో, దాని నంబరు ఎంతో అడిగి, ఆ నంబరును మీ ఆధార్ కార్డు జిరాక్సు వెనుక వ్రాసి పెట్టుకోండి. వేరే ఆసుపత్రికి వెళ్ళేటప్పుడు బ్లాకు తీసుకుని వెళ్ళవచ్చు, మీరు అడిగితే ఇవ్వాలి. ఇంటికి తెచ్చుకుంటే ఫ్రిజ్ అవసరం లేదు. ఎండ, పొయ్యి సెగ తగలని చోట, బీరువాలో పత్రాల పక్కన ఉంచితే చాలు. వేసవిలో మోటారుసైకిలు డిక్కీలో పెట్టి మరచిపోవద్దు, మైనం కరిగిపోతుంది.